గోడమీద లైసెన్సు, కౌంటర్ వెనకాల మనిషి

మన ఇళ్లలో డాక్టరు కంటే ఎక్కువసార్లు కలిసే మనిషి ఎవరయ్యా అంటే మెడికల్ షాపతనే. పిల్లాడికి జలుబు చేసినా, అత్తగారి బీపీ గోలీలు అయిపోయినా, మనకి నడుం పట్టేసినా ముందు అక్కడికే పరుగు. చీర కొంటే అంచు తిప్పి చూస్తాం. బెండకాయ కొంటే కొస విరిచి చూస్తాం. పాల పాకెట్ మీద తేదీ చూడందే ఫ్రిజ్‌లో పెట్టం. మందుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చిన్న కాగితం కవర్లో ఏమేసిచ్చాడో అదే తెచ్చుకుంటాం. షాపుని చూడాల్సినవాళ్లు ఎవరో చూస్తూనే ఉంటారులే అన్న ధీమా మనది.

ఎవరు చూస్తున్నారు? ఏం చూస్తున్నారు? వాళ్లు చూసింది మనకెందుకు తెలియదు? ఈరోజు నా గోలంతా ఈ మూడు ప్రశ్నల గురించే.

మాది రుద్రారం. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వెళ్లే ముంబై హైవే మీద, గణేశ్‌గడ్డ గుడి ఉన్న ఊరంటే చాలామంది గుర్తుపడతారు. ఎంఎస్ఎన్ వాళ్ల మందుల యూనిట్ మా ఊళ్లోనే ఉంది. పక్కన పాశమైలారం, ఇంకాస్త అవతల బొల్లారం, బొంతపల్లి. ఎక్కడ చూసినా మందులో, మందుల్లోకి వెళ్లే ముడిసరుకో తయారవుతూ ఉంటుంది. ఫార్మసీ చదువు చెప్పే గీతం యూనివర్సిటీ కూడా ఇక్కడే. మందు తయారయ్యేదీ ఇక్కడే, మందు గురించి చదువుకునేదీ ఇక్కడే. ఇన్ని ఉన్న ఊళ్లో మందు కొనడం ఎంత భద్రంగా ఉండాలి!

ఈ కంపెనీల్లో పనిచేసేవాళ్ల ఇళ్లలో "ఆడిట్" అనే మాట తెలియని ఆడమనిషి ఉండదు. ఆడిట్ వస్తోందంటే వారం రోజులు మగవాళ్లు ఇంటికి ఆలస్యం, టిఫిన్ డబ్బా వెనక్కి అలాగే వస్తుంది. సరుకు అమెరికాకి పంపే కంపెనీలకైతే అక్కడి ఎఫ్‌డీఏ వాళ్లే విమానమెక్కి వచ్చి చూస్తారు. పెద్ద లోపాలు కనిపించి హెచ్చరిక ఉత్తరం రాస్తే దాన్ని వాళ్ల వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా పెడతారు. అంటే మన ప్రాంతంలో తయారైన గోలీ మింగే అమెరికా ఇల్లాలు ఆ కంపెనీ తనిఖీలో ఏం తేలిందో తన ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. నేను మాత్రం మా వీధి మలుపులో ఉన్న మెడికల్ షాపు తనిఖీ గురించి ఒక్క ముక్క చదవలేను.

నిజానికి రూల్స్ లేక కాదు. మందుల చట్టం 1940 నాటిది, దాని కింద రూల్స్ 1945 నాటివి. మందులు చిల్లరగా అమ్మే షాపు కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి. లైసెన్సు వచ్చినవాళ్లకి కనబడేలా పెట్టాలి. చీటీ మీద ఇచ్చే మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ పర్యవేక్షణలోనే ఇవ్వాలి. 1948 నాటి ఫార్మసీ చట్టం కూడా ఇదే చెబుతుంది. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ తన పరిధిలోని ప్రతి షాపుని ఏడాదికి కనీసం ఒకసారి తనిఖీ చెయ్యాలి. చూసిన లోపాలు రాయడానికి షాపులో ఫారం 35 అనే తనిఖీ పుస్తకం ఉండాలి.

ఈ ఆఖరిది మళ్లీ చదవండి. తనిఖీలో ఏం తేలిందో రాసే పుస్తకం షాపులోనే ఉంటుంది. మనం నిలబడే కౌంటర్‌కి రెండు మూరల దూరంలో, ఏ సొరుగులోనో. అది మనకి చూపించమని ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు.

ఇప్పుడు ఆ కౌంటర్ దగ్గర రోజూ జరిగేది చూద్దాం. మా వైపు మెడికల్ షాపు అసలు రద్దీ షిఫ్టు వదిలాక, రాత్రి ఏడు నుంచి పది దాకా. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఒకవైపు, చంకలో పిల్లలతో మనలాంటివాళ్లు ఒకవైపు. గోడమీద ఫ్రేము కట్టిన లైసెన్సులో ఫార్మసిస్ట్ పేరు ఉంటుంది. ఆ పేరుగల మనిషి మాత్రం చాలాచోట్ల ఆ వేళకి కనబడడు. కౌంటర్ వెనక ఉండేది ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు. పాపం చురుకైనవాడే, ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని తీస్తాడు. కానీ ఏ మందు దేనికో అతనికి తెలిసింది డబ్బాల వల్లే, చదువు వల్ల కాదు.

సర్టిఫికెట్ ఒకరిది, అమ్మేది ఇంకొకరు. ఇది ఒక్క మా ఊరి కథ కాదు. బిహార్‌కి సంబంధించిన కేసులో 2022 నవంబరులో సుప్రీంకోర్టు కూడా దీని గురించి గట్టిగానే చెప్పింది. రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ లేకుండానో, నకిలీ ఫార్మసిస్ట్‌తోనో మందులిస్తే జనం ఆరోగ్యం దెబ్బతింటుందని, దాన్ని ఆపాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, ఫార్మసీ కౌన్సిల్ అని.

ఫార్మసిస్ట్ ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి, ఇచ్చేది అదే గోలీ కదా అంటారా? తేడా ఎక్కడో నాలుగు సంగతుల్లో చెప్తాను. నాలుగూ మన ఇళ్లలోవే.

మొదటిది ఇన్సులిన్. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గడ్డకట్టకూడదు, వేడెక్కకూడదు. మా అత్తగారికి ఇన్సులిన్ కొనడానికి వెళ్లిన ఒక షాపులో ఫ్రిజ్ నిండా కూల్‌డ్రింక్ సీసాలు, వాటి మధ్య ఇన్సులిన్ డబ్బాలు. నిమిషానికోసారి తలుపు తీస్తూనే ఉన్నారు. రాత్రి షాపు కట్టేసేటప్పుడు ఫ్రిజ్ ఆన్‌లో ఉంటుందా అని అడిగితే, "మెయిన్ బంద్ చేసే పోతం అక్కా, కరెంటు బిల్లు ఎవరు కడ్తరు" అని నవ్వాడు. ఎండాకాలం రాత్రి మా వైపు రేకుల కప్పు కింద ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? పాడైన ఇన్సులిన్ చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు. పెద్దావిడ షుగర్ మాత్రం దిగదు. "మీరు స్వీట్లు తిన్నారు" అని ఇంట్లో అందరం ఆవిణ్ణే అంటాం.

రెండోది యాంటీబయాటిక్. జ్వరం అనగానే చీటీ లేకుండా మూడు గోలీలు కత్తిరించి ఇచ్చేస్తారు. ఈ రకం మందుల్లో బలమైనవాటిని 2014 మార్చి నుంచి హెచ్1 అనే జాబితాలో పెట్టారు. డబ్బా మీద ఎర్రగీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. అవి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారు అన్నీ వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. మన పేరు ఎప్పుడైనా అడిగి రాసుకున్నారా? ఆలోచించండి.

పటాన్‌చెరు వాళ్లకి ఈ విషయం మరీ ముఖ్యం. 2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగు వచ్చే పటాన్‌చెరు శుద్ధి ప్లాంటు దగ్గర, శుద్ధి చేసి బయటికి వదిలిన నీళ్లని పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. రోజుకి దాదాపు 45 కిలోల మందు. 90 లక్షల జనం ఉన్న స్వీడన్ అంతా కలిసి 5 రోజుల్లో వాడేంత. ఇలాంటి నీళ్లలో బతికే క్రిములు మందుకి అలవాటుపడి మొండివవుతాయి. వాగులో అలా ఉంటే, ఇటు షాపులో మూడు గోలీలు, అయిదు గోలీలు కత్తిరించి ఇచ్చి మన ఒంట్లో క్రిముల్నీ మొండివి చేస్తున్నాం. వాగు సంగతి కాలుష్య బోర్డు చూడాలి. షాపు సంగతి చూడటం అంత కష్టమా? కేరళ 2024లో ఆపరేషన్ అమృత్ పేరుతో చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మే షాపుల మీద దాడులు మొదలుపెట్టింది. ఆ మందులు నీలం కవర్లోనే ఇవ్వాలని చెప్పింది. నీలం కవరు ఇంట్లోకి రాగానే ఇది మామూలు గోలీ కాదని ముసలమ్మకి కూడా తెలిసిపోతుంది. ఎంత తేలికైన పద్ధతో చూడండి.

మూడోది పిల్లల దగ్గు మందు. 2025 అక్టోబరు మొదట్లో కోల్డ్రిఫ్ అనే సిరప్ గురించి వార్తలు విని ఎంతమంది తల్లులం అలమారలు వెతికామో గుర్తుందా? మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా వైపు 20 మందికి పైగా పిల్లలు పోయారు. తమిళనాడు ల్యాబ్ పరీక్షలో ఎస్ఆర్-13 అనే బ్యాచ్‌లో డైఎథిలిన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తేలింది. మన తెలంగాణలోనూ డ్రగ్స్ కంట్రోల్ వాళ్లు ఆ బ్యాచ్ వాడొద్దని హెచ్చరిక ఇచ్చారు. సరే, ఆ హెచ్చరిక మనకి పనికిరావాలంటే బ్యాచ్ నంబరు మన దగ్గర ఉండాలి కదా. సీసా మీద ఉంటుంది, బిల్లు మీద ఉండాలి. బిల్లే తీసుకోని ఇల్లు, డబ్బా పారేసి సీసా దాచుకునే ఇల్లు, సీసా మీద అక్షరాలు చెరిగిపోయిన ఇల్లు ఏం చెయ్యాలి? ఇంకో మాట. ఆ సిరప్‌లో ఉన్నటువంటి జలుబు మందుల కలయిక నాలుగేళ్లలోపు పిల్లలకి వాడకూడదని లేబుల్ మీద రాయాలని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ అధికారి ఆదేశించారు. "పాపకి ఎన్నేళ్లమ్మా?" అని అడిగే మనిషి కౌంటర్ వెనక ఉంటే ఆ ఆదేశానికి అర్థం ఉంటుంది. లేకపోతే అది లేబుల్ మీద చీమ తలంత అక్షరమే.

నాలుగోది మనం గొంతు తగ్గించి అడిగే మందులు. వ్రతం ఉందని, పెళ్లి ఉందని, తిరుపతి టికెట్లు బుక్ అయ్యాయని నెలసరి వాయిదా వేసే గోలీలు అడుగుతాం. శ్రావణమాసంలో అయితే చెప్పనక్కర్లేదు. అది హార్మోన్ మందు, చీటీ మీద ఇవ్వాల్సింది. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి ప్రమాదం. కౌంటర్ దగ్గర అటూ ఇటూ మగవాళ్లు నిలబడి ఉంటే ఆ కుర్రాడు ఏమీ అడగడు, మనం ఏమీ చెప్పం. నల్ల కవర్లో చుట్టి చేతిలో పెడతాడు. గర్భం పోవడానికి వేసుకునే గోలీల సంగతి ఇంకా ఘోరం. డాక్టరు పర్యవేక్షణలో తప్ప వేసుకోకూడదని వాటి మీదే రాసి ఉంటుంది. అయినా ఒక్క ప్రశ్న లేకుండా అమ్మేవాళ్లున్నారు. రక్తస్రావం ఆగక ఆసుపత్రికి పరుగెత్తేది ఆడదే, షాపు కాదు.

ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా మధ్యాహ్నం పదకొండింటికి వచ్చి లైసెన్సు, బిల్లు పుస్తకాలు చూసి వెళ్లే తనిఖీకి దొరకదు. కాగితాలు చూడొద్దని నేననడం లేదు. కానీ మందు మన చేతిలో పెట్టే ఆ అర నిమిషంలో ఏం జరుగుతుందన్నదే షాపుకి అసలు పరీక్ష. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు కూడా ఫార్మసిస్టు పని మందు అందించడంతో అయిపోదనే చెబుతున్నాయి. ఎలా వాడాలో, ఎలా దాచాలో, ఏం తేడా వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలో రోగికి చెప్పాలి. ఇదేదో ఆయన మనకి చేసే ఉపకారం కాదు, ఆయన వృత్తిలో భాగం.

అలా చేసేవాళ్లు లేరా అంటే ఉన్నారు. మా కాలనీకి కాస్త దూరంలో ఒక చిన్న షాపులో ఫార్మసీ చదివిన అమ్మాయి సాయంత్రాలు ఉంటుంది. తెలుగు, ఇంగ్లిష్ రెండూ చదవలేని కంపెనీ కార్మికులకి కవరు మీద సూర్యుడి బొమ్మ, చందమామ బొమ్మ గీసి ఇస్తుంది. సూర్యుడుంటే పొద్దున, చందమామ ఉంటే రాత్రి. పళ్లెం బొమ్మ ఉంటే తిన్నాక. స్ట్రిప్పు కత్తిరిస్తే ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క కొనేవాళ్లకే ఇస్తుంది, లేదా తేదీ కవరు మీద రాస్తుంది. ఆడవాళ్లు ఏదైనా మెల్లగా అడిగితే పక్కకి పిలిచి మాట్లాడుతుంది. దీనికి ఖర్చయ్యేది ఒక పెన్ను, ఒక నిమిషం. ఆ షాపు తనిఖీ పుస్తకంలో ఈ నిమిషానికి మార్కులు వేసే గడి మాత్రం లేదు.

షాపువాళ్ల వైపు నుంచి కూడా మాట్లాడాలి. వాళ్లు మనకి శత్రువులు కాదు. నెలాఖరులో ఖాతా మీద మందులిచ్చేది వాళ్లే. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే షట్టర్ తీసేదీ వాళ్లే. పెద్ద గొలుసు షాపుల డిస్కౌంట్లతో, ఆన్‌లైన్ మందులతో పోటీపడుతూ పొద్దున్నుంచి రాత్రి దాకా ఫార్మసిస్టుకి జీతమివ్వడం చిన్న షాపుకి భారమే. రోజు కూలీ పోగొట్టుకుని డాక్టరు ఫీజు కట్టలేని మనిషికి ఆ షాపే ఆసుపత్రి. రూల్స్ బిగిస్తే ముందు నష్టపోయేది ఆ మనిషే కదా అన్న వాదన నాకు తెలుసు.

కానీ ఆ మాటకి జవాబు కూడా ఆ మనిషి దగ్గరే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లలేని వాడికే కదా మందు తెలిసిన ఫార్మసిస్టు అవసరం ఎక్కువ? డబ్బున్నవాళ్లకి షాపులో తప్పు మందిచ్చినా దిద్దడానికి ఫ్యామిలీ డాక్టరు ఉంటాడు. పేదవాడికి ఆ కౌంటరే మొదటి మెట్టు, ఆఖరి మెట్టు. అక్కడ ప్రమాణం తగ్గించి అదే వాళ్లకి మేలు అనడం నాకు మింగుడుపడదు.

మా ప్రాంతంలో తనిఖీ అనే మాటకి వేరే బరువు కూడా ఉంది. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి 50 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మాత్ర విడిపోకుండా పట్టి ఉంచే పొడి. మనం నీళ్లతో మింగే గోలీ వెనక అలాంటి మనుషుల చెమట ఉంది, కొన్నిసార్లు ప్రాణమే ఉంది. అంత ఖరీదు కట్టి తయారైన మందు, చివరి పది అడుగుల్లో నిర్లక్ష్యంగా చేతులు మారడం నాకు బాధగా ఉంటుంది. ప్రమాదం జరిగాక వచ్చే తనిఖీ పోయినవాళ్లకి అక్కరకు రాదు. జరగకముందు వచ్చే తనిఖీయే మనకి కావాలి, దాని ఫలితం మనకి కనబడాలి.

అందుకే నేను అడిగేవి మూడే. ఒకటి, ఆఖరి తనిఖీ ఏ తేదీన జరిగింది, ఏ లోపాలు కనబడ్డాయి, సరిదిద్దారా లేదా అన్నది ఒక కాగితం మీద తెలుగులో, హిందీలో రాసి షాపు ముందు అంటించాలి. కొత్త చట్టాల కోసం ఏళ్లు ఆగక్కర్లేదు, ఉన్న పుస్తకంలో ఒక పేజీని సొరుగులోంచి గోడమీదికి తేవాలి. రెండు, లైసెన్సు పక్కనే ఫార్మసిస్టు ఫొటో, ఆయన ఉండే వేళలు పెట్టాలి. మూడు, తనిఖీ మా షిఫ్టులు వదిలే వేళకి, రాత్రిపూట జరగాలి. మామూలు కొనుగోలుదారులా వచ్చి ఒక యాంటీబయాటిక్ అడిగి చూస్తే ఇన్‌స్పెక్టర్‌కి అయిదు నిమిషాల్లో అంతా తెలిసిపోతుంది.

ఇవి వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. ఎంత చిన్న మందుకైనా బిల్లు అడగండి, అందులో బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడండి. విడిగా కొన్న గోలీలకి మొత్తం స్ట్రిప్పు ధరలో వాటి వాటాకి మించి తీసుకోకూడదని ధరల నియంత్రణ ఉత్తర్వులోనే ఉంది, లెక్క వేసుకోండి. పిల్లల సిరప్ వాడినన్నాళ్లూ డబ్బా పారెయ్యకండి. ఇన్సులిన్ కొనేముందు ఫ్రిజ్ వైపు ఒక చూపు వెయ్యండి. తేడా అనిపిస్తే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కి పనిరోజుల్లో ఫోన్ చెయ్యొచ్చు. ఒక్కరే అడిగితే "ఈవిడొకతి" అంటారు. మహిళా సంఘం మీటింగులో పదిమంది అనుకుని అడిగితే షాపతను కుర్చీ వేస్తాడు.

ఈసారి గోలీల కోసం వెళ్లినప్పుడు ముందు గోడమీద లైసెన్సులో ఉన్న పేరు చదవండి. చదివి, "ఈయన ఉన్నారా అన్నా?" అని నెమ్మదిగానే అడగండి. దెబ్బలాట అక్కర్లేదు. పది ఇళ్లవాళ్లు పది రోజులు అదే ప్రశ్న అడిగితే, ఆ పేరుగల మనిషి పదకొండో రోజు కౌంటర్ వెనకాల కూర్చుంటాడని నా నమ్మకం.